తువ్వాలు సైజు హెల్మెట్

ముప్పై ఏళ్ళు హెల్మెట్లు అమ్మిన నా నెత్తిన నాలుగు కుట్లున్నాయి. ఏ లారీ కిందో పడి సంపాదించినవి కావు. కొట్లో పై అరలో ఉన్న అట్టపెట్టె లాగబోతే, పన్నెండు హెల్మెట్లతో సహా అది నా మీదకి దిగింది. ఆసుపత్రిలో కుట్లు వేస్తున్న డాక్టరుగారు అలవాటు కొద్దీ "హెల్మెట్ పెట్టుకోవద్దా?" అని కసిరారు. "తగిలింది హెల్మెట్టేనండి" అన్నాను. ఆయన సూది పక్కన పెట్టి, నవ్వడం పూర్తయ్యాక మళ్ళీ కుట్టారు. మూడో కుట్టుకీ నాలుగో కుట్టుకీ మధ్య ఇప్పటికీ కాస్త ఎడం ఉంటుంది.

ఈ మధ్యే కొట్టు ఖాళీ చేసి ఇంట్లో కూర్చున్నాను. ఈ వ్యాపారంలోకి కొత్తగా దిగేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఎనిమిదో తరగతి మధ్యలో బడికి సెలవు పెట్టి ఇప్పటిదాకా తిరిగి వెళ్ళనివాణ్ణి. కాబట్టి ఇందులో పాండిత్యం వెతక్కండి. కొట్టు ఎలా తెరిచాను, ఎంత పెద్దది చేశాను అన్న గొప్పలూ ఉండవు. ఒక తప్పు ఉంటుంది. అది నేను చేసింది.

మావయ్య విద్య

మాది పెనుగొండ. బడి ఎగ్గొట్టి తిరుగుతున్నానని మా అమ్మ నన్ను తీసుకొచ్చి రాజమండ్రిలో తన తమ్ముడి కొట్లో పడేసింది. కోటగుమ్మం దగ్గర సందులో మావయ్య గొడుగులు, రెయిన్‌కోట్లు, మోపెడ్ల సీటు కవర్లు అమ్మేవాడు. పోలీసులు హెల్మెట్ల కోసం బళ్ళు ఆపడం మొదలుపెట్టాక గొడుగులు వెనక్కి వెళ్ళాయి, హెల్మెట్లు ముందుకొచ్చాయి.

మావయ్య గట్టి వ్యాపారి. కొట్లోకి వచ్చిన మనిషి తల తర్వాత చూసేవాడు, ముందు భుజం చూసేవాడు, తువ్వాలుందా లేదా అని. ఎండాకాలం వచ్చిందంటే మా వైపు బండెక్కే మనుషుల్లో సగం మంది తువ్వాలు తడిపి, పిండి, తలకి చుట్టి, దాని మీద హెల్మెట్ పెడతారు. రావులపాలెం దాకా చల్లగా వెళ్తారు, అక్కడ మళ్ళీ తడుపుకుంటారు. అందుకని టేపు పెడితే యాభై ఆరు సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, కంపెనీ చార్టు మీడియం ఇమ్మంటుంది, మావయ్య లార్జి ఇచ్చేవాడు.

"మీడియం ఒట్టి తలకిరా. లార్జి తలకీ తువ్వాలుకీ కలిపి" అనేవాడు.

మా కొట్లో దాని పేరు తువ్వాలు సైజు. దాంతో ఇంకో సుఖం ఉంది. వదులుగా ఉంటుంది కనక ఇంట్లో అందరికీ పడుతుంది. "మీ బావమరిదిక్కూడా పనికొస్తుందండి" అన్నామంటే బేరం తెగిపోయేది. బావమరిది మీద అంత ప్రేమ మా జిల్లాల్లోనే చూశాను. హెల్మెట్ కొనే ముందు మాత్రమే చూశాను.

మావయ్య పోయాక కొట్టు నాకొచ్చింది. తువ్వాలు సైజూ వచ్చింది. ఎవరైనా చదువుకున్న కుర్రాడు "చార్టులో మీడియం అని ఉందండీ" అంటే, "ఆ చార్టు రాసినాయన్ని ఓసారి రోహిణి కార్తెలో గోదారి గట్టు మీద నడిచి రమ్మనండి, అప్పుడు మాట్లాడుకుందాం" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. నవ్వాక లార్జి కొనుక్కుని వెళ్ళిపోయేవారు.

గుండు కొలత

ఓ పెద్దమనిషి చిన్న తిరుపతిలో గుండు చేయించుకుని, బస్సు దిగి తిన్నగా మా కొట్టుకే వచ్చాడు. గంధం ఇంకా తడిగా ఉంది. ఆయన తువ్వాలు మనిషి కాదు. అందుకని నున్నటి తల కొలిచి, అతికినట్టు ఉండేది ఇచ్చాను. మూడు నెలలకి పెట్టెతో సహా దిగాడు.

"ఏంటండీ ఇది, కుంచించుకుపోయింది! ఎండలో పెట్టకూడదని చెప్పలేదేం?"

"హెల్మెట్ కుంచించుకోలేదండి. మీ జుట్టు పెరిగింది."

"జుట్టు పెరిగితే తల పెరుగుతుందా?"

అద్దం ముందు నిలబెట్టి చూపించినా ఒప్పుకోలేదు. "అయితే మళ్ళీ మొక్కుకోండి" అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు. తన బావమరిదినీ రానివ్వలేదు.

ఆ రోజే నాకు సగం పాఠం వచ్చింది. కొట్లో నిలబడ్డ తల వేరు, రోడ్డు మీదకెళ్ళే తల వేరు. గుండు, కొప్పు, జడ, తలనూనె, తువ్వాలు, ఏది వచ్చినా ఏది పోయినా లోపలి కొలత మారుతుంది. ఈ మాట నాకు నేనే చెప్పుకుని తెగ మురిసిపోయాను. తువ్వాలు దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు తట్టలేదు. కట్టుకున్న తువ్వాలుని మనిషి ఎప్పుడో అప్పుడు తీస్తాడు కదా! పాతికేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

మంగతాయారు టీచరుగారు

కొన్నేళ్ళ కిందట, బళ్ళకి ఎండాకాలం సెలవులిచ్చే రోజుల్లో, ముప్పై అయిదేళ్ళావిడ కొట్లోకి వచ్చింది. మెడలో తాడుకి స్టీలు విజిల్. పేరు మంగతాయారు, జంగారెడ్డిగూడెంలో హైస్కూల్లో వ్యాయామ టీచరు.

"బాబాయిగారూ, కొండ మీంచి దిగే సైకిలుకి హెల్మెట్ కావాలండి. గడ్డం కూడా కప్పేది. తక్కువలో చూపించండి."

"కొండ దిగడానికి సైకిలెందుకమ్మా? కాలు జారితే చాలు కదా."

"ఎక్కేది కూడా సైకిలు మీదేనండి."

"ఈ ఎండల్లోనా?"

"మాకు సెలవులిచ్చేది ఈ ఎండల్లోనే కదండీ. చలికాలంలో ఎక్కుదామంటే హెడ్మాస్టరుగారు కొండకి ఎదురొస్తారు."

నాకు సమానమైన మనిషి దొరికిందని కుర్చీ వేసి, నేను ఎనిమిదిలో బడి మానేసిన సంగతి కూడా చెప్పుకున్నాను. వాళ్ళ ఊరి పైన జీడిమామిడి తోటల్లోంచి కొండ మీదకి ఓ బండిబాట ఉందట. తెల్లారకుండా బయల్దేరి సైకిళ్ళు తొక్కుకుంటూ ఎక్కుతారు, ఎండ ముదిరేలోపు దిగుతారు. దారంతా గులకరాళ్ళు, ఎండుటాకులు. కిందటేడు వాళ్ళ జట్టులో ఒకాయన ముఖం మీద పడి గడ్డం పగలగొట్టుకున్నాడు.

"నాకలా అయితే కుదరదండి" అని విజిల్ పైకెత్తి చూపించింది. "నాలుగొందల మంది పిల్లల్ని దీంతోనే నిలబెడతాను. ముందు పళ్ళతో కరిచి పట్టుకుని ఊదాలి. నా బువ్వంతా ఈ రెండు పళ్ళ మీదేనండి."

వినండి. కొనడానికి వచ్చిన మనిషి తనకి ఏం కావాలో ఇంత విడమరిచి చెప్పింది. ఇంతకంటే ఎవరూ చెప్పరు. నేను విన్నాను, నవ్వాను, తర్వాత నాకు తెలిసిందే చేశాను.

మొదట మోటారు సైకిలు హెల్మెట్ ఇచ్చాను. కొట్లో ఉన్నది అదే కదా. ఆవిడ పెట్టుకుని నిమిషంలో తీసేసింది. "ఇడ్లీ పాత్రలా ఉందండి. పిండి పోస్తే ఉడుకుతుంది." నిజమే. బండి మీద గాలి ఎదురొచ్చి కొడుతుంది. సైకిలు మీద కొండెక్కే మనిషికి సొంత ఆవిరి తప్ప ఏమీ తగలదు. బరువు సంగతి సరేసరి.

అందుకని సైకిలు వాళ్ళకని చేసే ఫుల్‌ఫేస్ హెల్మెట్లు మీడియం ఒకటి, లార్జి ఒకటి తెప్పించాను. దాదాపు సగం బరువు, ఒళ్ళంతా చిల్లులు. ఆవిడ తల యాభై ఆరు. మీడియం పెడితే "బుగ్గలు నొక్కుతోందండి" అంది.

"ఎండలో తువ్వాలు చుట్టుకోరా?"

"చుట్టుకోకుండా ఎలా వెళ్తామండీ?"

ఇంకేముంది. నా కూజాలో నీళ్ళే పోసి, నా తువ్వాలే తడిపిచ్చాను. చుట్టుకుంది. లార్జి పెట్టుకుంది. తల ఊపితే ఇసుమంత కదల్లేదు. "చూశారా! చార్టులు ఎందుకండీ, మా మావయ్య ఉండగా" అన్నాను. పద్దెనిమిది చిల్లులున్న హెల్మెట్‌ని చిల్లుల కోసమే ఎంచి తెప్పించి, ఆ పద్దెనిమిదీ తడిగుడ్డతో మూయించి పంపిన ఘనుణ్ణి నేనే.

మూడు మెట్లు

పది రోజులకి ఆవిడ మళ్ళీ వచ్చింది. మూతికి చేతిరుమాలు అడ్డం. రెండో చేతిలో హెల్మెట్, ఓ పక్క చీలి ఉంది. రుమాలు తీసింది. పై పెదవి వంకాయ రంగు. ముందు పళ్ళు రెండూ సగానికి విరిగిపోయాయి.

జరిగింది ఆవిడే చెప్పింది, ముక్కలు ముక్కలుగా. కొండ ఎక్కేసరికి తువ్వాలు ఆరిపోయింది. ఆరిన తువ్వాలు మంటలా ఉంటే విప్పి సంచికి కట్టింది. ఒట్టి తల మీద లార్జి పెట్టుకుని దిగడం మొదలుపెట్టింది. రాళ్ళ మీద సైకిలు ఎగిరినప్పుడల్లా హెల్మెట్ కళ్ళ మీదకి జారింది. మూడోసారి జారినప్పుడు పైకి తోసుకుందామని ఒక చెయ్యి వదిలింది. రెండో చేతికి దొరికింది ముందు చక్రం బ్రేకు. పడ్డప్పుడు హెల్మెట్ గిర్రున తిరిగి, మూతిని కాపాడాల్సిన గడ్డం కమ్మీ తిన్నగా వచ్చి మూతినే కొట్టింది.

నేను నోరు తెరవబోయాను. "అసలు తువ్వాలు ఎందుకు తీశారండీ?" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మావయ్య ఉంటే అనేసేవాడు. నేను మింగేశాను. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

"మీ తువ్వాలు తడపండి" అంది.

తడిపాను.

"చుట్టుకోండి. ఈ హెల్మెట్ పెట్టుకోండి. తల ఊపండి."

ఊపాను. కదల్లేదు. బడి మానేసిన ఇన్నేళ్ళకి డ్రిల్లు చేస్తున్నానని అర్థమైంది.

"ఇప్పుడు తువ్వాలు తీసి పెట్టుకోండి. పట్టీ బిగించండి. ఆ మెట్లు గబగబా దిగండి."

మా కొట్టు ముందు మూడు మెట్లు. మొదటి మెట్టు బాగానే దిగాను. రెండో మెట్టు మీద రోడ్డు మాయమైంది. కళ్ళ ముందు లోపలి తెల్లటి తెర్మాకోల్ తప్ప ఏమీ లేదు. చెయ్యి పైకెత్తి తోసుకోబోయాను. సరిగ్గా ఆవిడ చేసినట్టే. మూడో మెట్టు ఎక్కడుందో కాలికి తెలీలేదు. అరటిపళ్ళ బండి అంచు దొరికింది కనక నా పళ్ళు మిగిలాయి. బండివాడు "ఏంటండీ సావుకారుగారూ, పొద్దున్నే!" అని అరుస్తున్నాడు.

హెల్మెట్ తీసి వెనక్కి తిరిగాను. నవ్వుతుందేమో అనుకున్నాను. ఆవిడ విజిల్ పెదాల మధ్య పెట్టుకుని ఊదింది. పళ్ళు విరగడంతో అది నోట్లో నిలవలేదు. ఫుస్సుమని గాలి వచ్చింది, అంతే. మళ్ళీ ఊదింది. మళ్ళీ గాలే.

"పన్నెండో తారీకు బడి తెరుస్తారండి" అంది. అంతే అంది.

 

ఆవిడ వెళ్ళాక ఆ మూడు మెట్ల మీదే కూర్చుని లెక్క వేసుకున్నాను. పాతికేళ్ళు తువ్వాలు సైజు అమ్మాను. వాళ్ళలో ఎంతమంది దారిలో తువ్వాలు తీసి ఉంటారు? ఎంతమంది పడి ఉంటారు? తిరిగి వచ్చి చెప్పింది ఈవిడ ఒక్కతే. మిగతావాళ్ళు బాగుండే రాలేదనుకోవడం నాకు సుఖం. ఆ సుఖం నాకు రాసిపెట్టి ఉందో లేదో తెలీదు.

తక్కువలో మంచిది

ఆ తర్వాత రెండు వారాలు నేను నా సరుకు నేనే చదువుకున్నాను. ఒక్కో హెల్మెట్ పెట్టుకుని మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులో అరగంట కూర్చునేవాణ్ణి. మా ఆవిడ అన్నం క్యారేజీ పట్టుకొచ్చి, నన్ను చూసి, క్యారేజీ బల్ల మీద పెట్టి, "దీంట్లోకి ముద్ద ఎలా వెళ్తుందో కూడా కనిపెట్టండి" అని వెళ్ళిపోయింది.

నేను కనిపెట్టింది చెప్తాను, రాసుకోండి. ఖరీదు దేనికి పెరుగుతుందో ముందు చూడండి. బరువు తగ్గేకొద్దీ పెరుగుతుంది, గాలి బాగా ఆడేకొద్దీ పెరుగుతుంది. ఎండాకాలం కొండెక్కేవాళ్ళు ఈ రెంటికీ పెట్టొచ్చు. మంటల బొమ్మలకీ, పులి బొమ్మలకీ పైసా పెట్టనివ్వకండి. పోయినేటి రంగు ఈ ఏడు తక్కువకి వస్తుంది. కొండకి మీరు ఏ రంగులో వచ్చారన్న పట్టింపు లేదు. అలాగని ఒకరు వాడింది కొననివ్వకండి. అది ఎన్నిసార్లు పడిందో అమ్మేవాడు చెప్పడు, హెల్మెట్ అసలే చెప్పదు. లోపల పరీక్ష చేసిన గుర్తు ఉందో లేదో, అది సైకిలుకి చేసిన పరీక్షో కాదో చదవండి. పైన అంటించిన స్టిక్కరుని నమ్మకండి. ఆ స్టిక్కర్లు విడిగా అమ్మేవాళ్ళు మా కొట్టుకి కూడా వచ్చారు. టీ ఇచ్చి పంపేశాను. టీ కూడా ఇవ్వకుండా ఉండాల్సింది.

సైజు దగ్గర మొహమాటపడకండి. సరైన ఫుల్‌ఫేస్ పెట్టుకుంటే రెండు బుగ్గల్లో రెండు లడ్డూలు దాచుకున్న మొహం రావాలి. కొన్నవాడికి కోపం రావాలి. నొప్పి మాత్రం ఉండకూడదు. నుదుటి మీద పావుగంటలో ఎర్రటి చార పడిందంటే ఆ తలకి ఆ ఆకారం పడలేదని అర్థం. వేరేది తీయండి. గడ్డం కమ్మీ పట్టుకుని అటూ ఇటూ తిప్పితే హెల్మెట్‌తో పాటు బుగ్గల తోలు కూడా తిరగాలి. పట్టీ బిగించాక వెనక నుంచి ఎత్తి ముందుకి దొర్లించబోతే ఊడి రాకూడదు. పెదాలకీ కమ్మీకీ మధ్య రెండు వేళ్ళయినా పట్టాలి. జడ, కొప్పు, ఏది ఎలా వేసుకుని సైకిలెక్కుతారో అలాగే రమ్మని చెప్పండి.

ఎండ సంగతా? తువ్వాలు తడిపి మెడకి చుట్టుకోమనండి. మెడ చల్లబడితే మనిషి చల్లబడతాడు. తలకి కావాలంటే పల్చటి నూలు టోపీ, కొలిచేటప్పుడు కూడా అది ఉండాలి. గడ్డం కమ్మీ ఊడదీసి మళ్ళీ పెట్టుకునే రకాలున్నాయి. ఎక్కేటప్పుడు తీసి సంచిలో వేసుకోవచ్చు. తక్కువ రకాల్లో ఆ లాకే ముందు అరుగుతుంది. కొనే మనిషి ముందే ఇరవై సార్లు పెట్టి తీయండి, ఒక్కసారి టక్కుమనకపోయినా వెనక్కి పెట్టేయండి. లోపలి మెత్తలు ఉతుక్కోవడానికి ఊడొచ్చేవైతే రెండో జత కూడా ఇవ్వండి. చెమటా, కొబ్బరినూనె కలిసి వారం నానితే ఆ వాసనకి మనిషి హెల్మెట్ మానేస్తాడు. పెట్టుకోని హెల్మెట్ ఎంత మంచిదైతే ఏం లాభం.

చివరగా మా మూడు మెట్లు. మీ కొట్టుకి మెట్లు లేకపోతే కట్టించండి.

మళ్ళీ అదే మలుపు

మంగతాయారు టీచరుగారు పళ్ళకి తొడుగులు వేయించుకుని మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. నాకు ఆశ్చర్యమే, అడగడానికి మొహం చెల్లలేదు. ఈసారి నాలుగు మీడియాలు పెట్టించి తీయించాను. "బుగ్గలు నొక్కుతోందండి" అంటే "నొక్కనివ్వండి" అన్నాను. ఆవిడ మూడు మెట్లూ మూడుసార్లు గెంతుకుంటూ దిగింది. అరటిపళ్ళ బండివాడు ముందే బండి జరుపుకున్నాడు. పులి బొమ్మ లేని, పోయినేటి బూడిద రంగుది తీసుకెళ్ళింది.

నాలుగైదేళ్ళ తర్వాత ఓ ఎండాకాలం, నేను కొట్టు ఖాళీ చేయడానికి కొద్ది రోజుల ముందు, ఆవిడ అదే హెల్మెట్ పట్టుకుని వచ్చింది. గడ్డం కమ్మీ మీద బెత్తెడు పొడుగున గీరుకుపోయి ఉంది. ముందు ఆవిడ మూతి చూశాను.

"అదే మలుపండి" అంది. "అవే రాళ్ళు. అలాగే ముఖం మీద పడ్డాను." అని విజిల్ ముందు పళ్ళతో కరిచి పట్టుకుని ఊదింది. మా సందు సందంతా ఆగిపోయింది. ఎదురు కొట్టాయన బయటికి వచ్చి చూశాడు. అరటిపళ్ళ బండివాడు చేతులు రెండూ పక్కకి పెట్టి నిటారుగా నిలబడ్డాడు. నేను అట్టపెట్టె వెతుకుతున్నట్టు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

"దెబ్బ తిన్నది మళ్ళీ వాడకూడదమ్మా, కొత్తది తీసుకోవాలి" అన్నాను.

"అందుకే కదండీ వచ్చింది. మీరు మూసేస్తున్నారని తెలిసి పరిగెత్తుకొచ్చాను."

అప్పుడు అడిగేశాను. ఇన్నేళ్ళుగా లోపల తొలుస్తున్న మాట. "ఈ రాజమండ్రిలో హెల్మెట్ కొట్లు బోలెడున్నాయి. మీ రెండు పళ్ళూ విరగ్గొట్టినవాణ్ణి నేను. మళ్ళీ మళ్ళీ నా దగ్గరికే ఎందుకొస్తున్నారు టీచరుగారూ?"

ఆవిడ కొత్త హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, బుగ్గల్లో రెండు లడ్డూలతో అంది:

"ఎనిమిదిలో బడి మానేసిన మిమ్మల్ని, నా రెండు పళ్ళు ఫీజు కట్టి చదివించుకున్నానండి. ఇప్పుడు ఇంకో కొట్టుకెళ్తే ఆయన్ని ఒకటో క్లాసు నుంచి చదివించాలి. అన్ని పళ్ళు నా దగ్గర లేవు."